మెడల్స్‌కు ఫ్రేమ్ కట్టించాలంటే కర్నూల్లో ఈ షాపే

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదోది ఎందుకు కోసేశానో కింద రాస్తా. ఇంట్లో పాత మెడల్స్ పెట్టుకుని, వీటికి కర్నూల్లో ఎవరు సరిగ్గా ఫ్రేమ్ కడతారా అని చూస్తున్నవాళ్ళు నాలుగు షాపులు తిరక్కుండా నేరుగా ఇక్కడికే పొండి. దేవుడి పటాలకు, పెళ్ళి ఫోటోలకు అయితే ఇంతదూరం రానక్కర్లేదు, మీ వీధిలో వాడు చాలు.

షాపు వన్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దగ్గర. లోపలికి పోతే ఒకటే గోడ మీద మంత్రాలయం రాఘవేంద్రస్వామి, మక్కా మదీనా, శ్రీశైలం మల్లన్న, ఎవరిదో రిటైర్మెంట్ సన్మానం ఫోటో, అన్నీ పక్కపక్కనే తగిలించి ఉంటాయి. కింద చెక్కపొట్టు, గాజు ముక్కలు. చెప్పులు విప్పొద్దు, ఆయనే చెప్తాడు. షాపాయన వయసు అరవై దాటి ఉంటుంది. అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే.

నేను బ్లౌజులు కుడతా. గుడ్డ, దారం, కుట్టు తప్ప వేరే పని తెలియదు. ఈ రివ్యూలో కుట్టు గురించి ఎక్కువ ఉంటే ఏమీ అనుకోవద్దు.

మేము ఫ్రేమ్ కట్టించినవి మా చిన్నాయనవి. నాన్నకు తమ్ముడు. నేవీలో చేరి, 1971 యుద్ధంలో ఐఎన్‌ఎస్ ఖుక్రి అనే యుద్ధనౌక మీద ఉన్నాడు. పెళ్ళి కాలేదు. మీసం కూడా సరిగ్గా రాని వయసు అంటాడు నాన్న. ఆ యుద్ధం అనగానే మన తెలుగువాళ్ళకు వైజాగ్ గుర్తొస్తుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగింది, ఆర్.కె. బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, అందరూ ఫోటోలు దిగుతారు. అది జరిగి వారం తిరక్కుండానే అటువైపు అరేబియా సముద్రంలో, డయ్యూ దగ్గర, మన ఓడ మునిగింది. డిసెంబర్ 9 రాత్రి. శత్రువు జలాంతర్గామిని వెతికి పట్టుకోమని ఖుక్రిని, కృపాణ్ అనే ఇంకో ఓడను పంపించారు. వెతకబోయిన ఖుక్రినే హంగోర్ అనే ఆ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా దిగిపోయే అవకాశం ఉన్నా ఓడతోనే ఉండిపోయాడు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. ప్రతి ఏడాది డిసెంబర్ 4న టీవీలో నేవీ డే అని చూపిస్తారు. 9వ తేదీన ఏమీ రాదు. మా ఇంట్లో మాత్రం ఆ రోజు టీవీ పెట్టరు.

చిన్నాయనకు వచ్చినవి రెండు. ఒకటి పశ్చిమీ స్టార్, ఐదు కోణాల కంచు నక్షత్రం. రెండోది సంగ్రామ్ మెడల్, గుండ్రంగా, తెల్లటి లోహం, రాగిలో నికెల్ కలిపింది. పోస్టులో వచ్చాయంట. జేజి వాటిని అట్టపెట్టెలతో సహా ట్రంకుపెట్టెలో, తన పెళ్ళి చీర కింద పెట్టింది. బతికినన్నాళ్ళు బయటికి తీయలేదు, ఎవరినీ తీయనివ్వలేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మా పాత ఇల్లు మిద్దె దాకా మునిగింది. నీళ్ళు తీసినాక ట్రంకుపెట్టె తెరిస్తే లోపల సగానికి ఒండ్రు. అట్టపెట్టెలు, వాటితో వచ్చిన కాగితాలు పేస్టయిపోయాయి. మెడల్స్ దొరికాయి. రిబ్బన్లు మాత్రం మట్టి పట్టి గట్టిపడి, ఏ రంగో ఏ చారో తెలియకుండా పోయాయి. అప్పటినుంచి అవి మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. ఈ మధ్య నాన్నకు ఒంట్లో బాగుండక, నేనుండగానే వీటికి ఒక ఫ్రేమ్ కట్టించండి అన్నాడు.

ముందు వేరే షాపుల్లో అడిగాం. ఎక్కడో చెప్పను. ఒకాయన డబ్బా మూత తీయగానే, ఇవి ఇట్లా ఉంటే ఏం బాగుంటాయి, చింతపండు వేసి తోమి తెండి, తళతళలాడాక ఫెవిక్విక్ పెట్టి అతికించేస్తా అన్నాడు. ఇంకొకాయన వెల్వెట్ గుడ్డ చూపించి, ఎరుపా నీలమా అనడం తప్ప మెడల్ వైపు చూడనే లేదు. పైగా ఇవి యుద్ధంలో ఉన్న అందరికీ ఇచ్చేవే కదా అని ఒక మాట. అందరికీ ఇచ్చేవే, నిజమే. సాహసానికి ఇచ్చేవి వేరే. ఫ్రేమ్ కట్టేవాడికి ఆ లెక్కతో ఏం పని అని నాకు ఒళ్ళు మండింది.

ఈ భాయ్ చేసిన మొదటి పని చేతులు కడుక్కోవడం. రెండోది, టేబుల్ మీద చెక్కపొట్టు దులిపి తెల్లగుడ్డ పరచడం. సంగ్రామ్ మెడల్‌ను అంచులతో పట్టుకుని, ముందు వైపు కాదు, పక్కకు తిప్పి దీపం కిందికి తీసుకుపోయాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని అంచు చుట్టూ మెల్లగా తిప్పుతూ పోయాడు. “పేరు ఉందమ్మా” అన్నాడు. మెడల్ అంచు మందం ఎంత, నా బ్లౌజు పైపింగ్ అంత. దాని మీద సన్నగా నంబరు, హోదా, మా చిన్నాయన పేరు కొట్టి ఉన్నాయి. ఒండ్రు పట్టిన చోట రెండు అక్షరాలు మూసుకుపోయాయి. నేను గుడ్డతో తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మెత్తటి బ్రష్ తడిపి, దువ్వినట్టు ఒకే వైపుకు లాగుతూ ఆ మట్టి తీశాడు. అంతే, ఇంక వేరే ఏమీ రాయలేదు. “తోమితే మెరుపు వస్తుంది, పేరు పోతుంది. ఆ నల్లదనం ఉండనీండి, అది మురికి కాదు” అన్నాడు. తోమే పౌడరుకైనా చింతపండుకైనా పైపొర అరగక తప్పదు, అంచు మీద అక్షరాలు అసలే లోతు తక్కువ అని విడమరిచి చెప్పాడు.

ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. “మూడోదానికి చోటు వదలాలా? 71లో చేసిన వాళ్ళవి మూడు ఉంటాయి కదా.” అంతకు ముందు ఒక రిటైర్డ్ సుబేదారు మెడల్స్ కట్టిచ్చాడంట, వాటిలో చూశాడు. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తనే జవాబు చెప్పాడు. ఆ మూడోది పాతికేళ్ళ స్వాతంత్ర్యానికి ఇచ్చింది, 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకే వస్తుంది, మావాడికి రెండే అని. భాయ్ ఇంకేమీ అనకుండా టేపు తీసి రెండింటికి సరిపడా కొలతలు మళ్ళీ వేసుకున్నాడు. తనకు తోచిన సైజులో చట్రం కోసేసి, ఖాళీ కనపడకుండా అశోకస్తంభం బొమ్మో, జెండా బొమ్మో అతికించే షాపులు ఊళ్ళో బోలెడు.

ఇప్పుడు రిబ్బన్ సంగతి. పాతవి ఉతకొచ్చా అని అడిగా. వద్దన్నాడు, రంగులు ఒకదాంట్లోకి ఒకటి దిగుతాయని. కొత్తవి దొరుకుతాయి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు మిలిటరీ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర తెప్పిస్తానన్నాడు. తెచ్చింది సరైన రిబ్బనేనని ఎట్లా తెలుస్తుంది? ఇక్కడే ఆయన పని నాకు నచ్చింది. పాత రిబ్బన్ రింగులోంచి పోయి వెనక మడత పడి ఉంటుంది కదా, ఆ మడతను ఒక్క పోగు కూడా తెగకుండా విప్పాడు. మట్టి లోపలికి పోలేదు. గోరంత వెడల్పున అసలు రంగు, అసలు చారలు అట్లాగే ఉన్నాయి. కొత్త రిబ్బన్ వచ్చాక దాన్ని పక్కన పెట్టి చూపించాడు. చారల వరస కలిసింది, వెడల్పు ఒకటింబావు అంగుళం, అదీ కలిసింది. పాత రిబ్బన్లు పారేయలేదు. వెనక చెక్కకు, లోపలి వైపు, ఒక కవర్‌లాంటిది చేసి అందులో పెట్టాడు. మళ్ళీ ఎవరైనా విప్పితే కనపడతాయి.

వెనక గుడ్డ నన్నే తెమ్మన్నాడు. వెల్వెట్ ఆయనా వద్దన్నాడు. దాని జిగురు, రంగు ఏళ్ళ మీద లోహాన్ని నల్లబరుస్తాయంట. నేను ముదురు నీలం కాటన్ తీసుకున్నా. గంజి పోయేదాకా ఉతికి, ఆరబెట్టి, తడి తెల్లగుడ్డ పెట్టి ఇస్త్రీ చేసి చూశా. తెల్లగుడ్డకు నీలం అంటలేదు. అప్పుడు ఇచ్చా. ఆయన కూడా నా మాట నమ్మకుండా మళ్ళీ అదే పరీక్ష చేశాడు. బాగుంది, నేనైనా అంతే చేస్తా.

జిగురు ఒక్క చుక్క వాడలేదు. రిబ్బన్లను గుడ్డకు కుట్టాలి, మెడల్ బరువు రిబ్బన్ మీద పడకుండా అంచు కింద రెండు సన్నటి మెత్తటి ఆధారాలు పెట్టాలి, ఇదీ పద్ధతి. ఆధారాలు చక్కగా చేశాడు, ఎదురుగా నిలబడితే కనపడవు. కుట్టు మాత్రం ఘోరం. గోనెసంచి కుట్టినట్టు కుట్టాడు. అంత ఖరీదు రిబ్బన్ మీద లావు సూది, లావు దారం! నేను చూస్తూ ఉండలేక, భాయ్, ఇటు ఇవ్వండి అని తీసుకుని, ఆ కుట్లు విప్పి, సన్న సూదితో కనపడని తురుపాయి వేశా. రిబ్బన్ కూడా సిల్కు చీర ఫాల్‌లాగే, దారం లాగితే ముడుచుకుపోతుంది, వదిలేస్తే జారుతుంది. ఆయనేమీ నొచ్చుకోలేదు. పక్కన నిలబడి చూశాడు, పని నేర్చుకునే పిల్లోడిని పిలిచి, “అక్క ఎట్లా వేస్తోందో చూడరా” అన్నాడు. ఐదో స్టార్ పోవడానికి ఒక కారణం ఈ కుట్టు. నాలాగా సూది పట్టే మనిషి ఇంట్లో లేనివాళ్ళ గతేంటి?

ఫోటో గురించి కూడా రాయాలి. చిన్నాయన యూనిఫాంలో దిగిన స్టూడియో ఫోటో ఒక్కటే ఉంది. వరద నీళ్ళకు అది తన పాత ఫ్రేమ్ గాజుకే అతుక్కుపోయింది. ఊడదీసి కొత్తదాంట్లో పెట్టమని మేము అడిగాం. ఆయన గాజు వెనక నుంచి వేలితో తట్టి చూసి, లాగితే మొహం గాజుకు ఉండిపోతుంది, కాగితం చేతికొస్తుంది అన్నాడు. గాజుతోనే స్కాన్ చేయించి, కొత్త ప్రింటు వేయించాడు. అసలుది గాజుతో సహా అట్లాగే గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ప్రింటులో ఎడమ భుజం దగ్గర మరక ఉంది. కంప్యూటర్లో తీసేయించమంటారా అని అడిగితే నాన్న వద్దన్నాడు. మొహం తెల్లగా చేయడం, పెదాలకు రంగు వేయడం లాంటివి ఏమీ లేవు, అందుకు ఆ స్కాన్ చేసిన అబ్బాయికి కూడా థాంక్స్.

ఫ్రేమ్ పైన దండకు మేకు కొట్టాలా, చిన్న బల్బు పెట్టాలా అని ఆయన మామూలుగానే అడిగాడు. పోయినవాళ్ళ ఫోటోకు మన దగ్గర అందరూ పెట్టించుకునేదే. మా జేజి చిన్నాయనకు దినాలు చేయనివ్వలేదు. సముద్రంలో పోయినాడని టెలిగ్రామే వచ్చింది, మనిషి రాలేదు, చూడనిదే నేను ఒప్పుకోను అనేది. పండక్కి బట్టలు తెస్తే ఆయనకూ ఒక చొక్కా గుడ్డ తీసేది. నాన్న కాసేపు ఆలోచించి, మేకు వద్దు నాయనా అన్నాడు. పేరు రేకు మీద కూడా మరణించిన తేదీ వేయించలేదు. పేరు, ఐఎన్‌ఎస్ ఖుక్రి, 1971, అంతే. భాయ్ ఎందుకని అడగలేదు. పెన్సిలుతో పెట్టుకున్న మేకు గుర్తు చెరిపేశాడు. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం ఇప్పటికీ దండ ఏదమ్మా అని అడుగుతున్నారు.

ఆ పేరు రేకు దగ్గర మాత్రం తప్పు జరిగింది. చెక్కే పని బయట ఇస్తాడు, అక్కడ ఓడ పేరులో అక్షరం తప్పు చెక్కారు. డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేయించాడు, కాదనను. కానీ కాగితం మీద రాసిచ్చిన దాన్ని చూసి కూడా తప్పు చెక్కితే ఎట్లా? మీరు పోతే పెద్ద అక్షరాల్లో రాసివ్వండి, చెక్కే ముందు ఫోన్లో ఫోటో పంపమని అడగండి.

చట్రం టేకు. మామూలు ఫ్రేమ్ కాదు, లోతున్న డబ్బా ఫ్రేమ్. గాజు మెడల్‌కు తగలకుండా లోపల చుట్టూ సన్న పట్టీ ఉంది. వెనక మేకులు కొట్టి బ్రౌన్ టేపు అంటించి మూసేయలేదు, స్క్రూలు పెట్టాడు. ఎందుకంటే అడుగున చిన్న గూడులో తేమ పీల్చే పొట్లం ఉంది, వానాకాలం దాటినాక దాన్ని మార్చుకోవాలి. వెనక నాలుగు మూలల్లో రబ్బరు బుడిపెలు ఉన్నాయి, గోడ తేమ నేరుగా తగలదు. సంగ్రామ్ మెడల్‌ను కొంచెం ముందుకు నిలబెట్టాడు, కింద నుంచి చూస్తే అంచు మీద పేరు చదవొచ్చు. మా పాప టార్చి వేసి చదివింది.

గాజు విషయంలో నాకు అసంతృప్తి ఉంది. మామూలు గాజే వేశాడు. కిటికీ ఎదురు గోడకు పెడితే చిన్నాయన మొహం బదులు మన మొహమే కనపడుతోంది. మెరుపు రాని గాజు కూడా ఉంటుందని తర్వాత తెలిసింది, ఖరీదు ఎక్కువంట. ముందే చెప్పి ఉంటే పెట్టించుకునేవాళ్ళం కదా! అడగందే చెప్పడు, అదీ సమస్య. ఇప్పుడు ఎండ పడని లోపలి గోడకు మార్చాం. రిబ్బన్ రంగు వెలవకుండా ఉండాలన్నా అదే మంచిది.

ఖర్చు మొత్తం 3,400 అయింది. రిబ్బన్లు, స్కాను, పేరు రేకు అన్నీ కలిపి. గుడ్డ నాదే. బేరం ఆడితే తగ్గించడు, నవ్వుతాడంతే. సగం అడ్వాన్స్ ఇవ్వాలి. బిల్లు ఇవ్వడు, పాత క్యాలెండరు కాగితం వెనక రాసిస్తాడు. అది నాకు నచ్చలేదు. ఇంత విలువైన వస్తువు షాపులో వదిలేటప్పుడు చేతిలో ఒక రసీదు ఉండాలి. మెడల్స్‌ను రెండు వైపులా, అంచు కూడా ఫోటో తీసుకుని, అవి తీసుకున్నట్టు ఆయన చేత రాయించుకున్నాకే వదిలిపెట్టా. మీరూ అట్లాగే చేయండి.

ఇంక ఆలస్యం. రేపు అంటే రేపు కాదు. పెళ్ళిళ్ళ సీజన్ వస్తే మన పని మూలకు పోతుంది. ఫోన్ ఎత్తడు, ఎత్తినా మిషన్ చప్పుడుకు ఏమీ వినపడదు. నాన్న రోజూ అడుగుతుంటే నాకు టెన్షన్. ఏదైనా తేదీకి కావాలనుకుంటే బాగా ముందుగానే ఇచ్చేయండి. మాకు డిసెంబర్ 9కి కావాలి, ఆ మాట మొదటి రోజే చెప్పా. ఆ తేదీకి మాత్రం ఇచ్చాడు, నిజం చెప్పాలి. ముందు రోజు రాత్రి షాపు మూసే వేళ దాటినాక తనే స్కూటర్ మీద తెచ్చి, స్టూలెక్కి గోడకు తగిలించి, మట్టం చూసి పోయాడు. దానికి డబ్బులు అడగలేదు.

డయ్యూలో కొండ మీద ఖుక్రి స్మారకం ఉంది, గాజు గదిలో ఓడ నమూనా పెట్టారు. ఆ పేరుతోనే తర్వాత వచ్చిన రెండో ఖుక్రిని 2021 డిసెంబర్‌లో మన విశాఖలోనే సర్వీసు నుంచి తీసేశారు, అది కూడా ఇప్పుడు డయ్యూలోనే ఉంది, మ్యూజియంగా. నాన్న అంత దూరం ప్రయాణం చేయలేడు. ఫోన్లో ఫోటోలు చూపిస్తే, భాయ్‌కి కూడా చూపించు అన్నాడు. చూపించా. ఆయన స్మారకం కంటే ఆ గాజు గదికి జాయింట్లు ఎట్లా వేశారో అదే ఎక్కువసేపు చూశాడు.

మీ ఇంట్లో ఎవరి మెడల్స్ అయినా పోయి ఉంటే ఊరికే బజార్లో డూప్లికేట్లు కొని ఫ్రేమ్ కట్టించొద్దు, వాటి అంచు మీద మీవాళ్ళ పేరు ఉండదు. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. నావికుల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లో ఉండే నేవీ ఆఫీసు చూస్తుంది, అక్కడికి ఎట్లా రాయాలో వాళ్ళు చెప్తారు.

షాపు సందులోకి కారు పట్టదు, బురుజు దగ్గర పెట్టి నడవండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మూసి ఉంటుంది, సాయంత్రం పొండి. మెడల్స్‌ను ప్లాస్టిక్ కవర్లో వేసి తీసుకుపోవద్దు, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా పాత కాటన్ గుడ్డలో చుట్టండి. కుట్టు మాత్రం మీకు తెలిసిన టైలరు చేత వేయించుకుంటానని ముందే చెప్పేయండి. ఆయన ఒప్పుకుంటాడు.